ఆ తల్లికి చెప్పిందెవరు?

‘కసాయి తల్లి’ అని హెడ్డింగు పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఎన్నిసార్లు పెట్టానో లెక్క లేదు. ఉమ్మడి వరంగల్ జిల్లా పేజీలు చూసే డెస్కులో కూర్చున్న ఏళ్లలో, పొద్దుగూకాక మండలాల నుంచి వచ్చి పడే వార్తల్లో అప్పుడప్పుడూ ఒకటి అదే తీరుది ఉండేది. ముళ్లపొదల్లో పసికందు. చెరువు కట్ట కింద ఆడశిశువు. ఆస్పత్రి మరుగుదొడ్ల వెనక బొడ్డుతాడుతోనే పడి ఉన్న బిడ్డ. కంట్రిబ్యూటర్ నాలుగు వాక్యాలు రాసి పంపేవాడు. తెల్లవారుజామున అటుగా పోయినవాళ్లకు ఏడుపు వినిపించింది, జనం గుమిగూడారు, పోలీసులకు చెప్పారు, గుర్తు తెలియని మహిళపై కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు. దాని నెత్తిన నేనో మాట తగిలించి పేజీలో పెట్టించేవాణ్ని. ‘కనికరం లేని కన్నపేగు’. ‘మంటగలిసిన మానవత్వం’. పొద్దున పేపరు చదివినవాళ్లు అయ్యో అనుకునేవారు, ఆ తల్లిని నోరారా తిట్టేవారు, పేపరు మడిచి పనిలోకి పోయేవారు. నేనూ అంతే.

ఆ వార్తల్లో ఒక్కదాని కింద కూడా, బిడ్డను సాకలేని తల్లి ఎవరికి ఫోన్ చేయాలో, ఎవరి చేతికి అప్పగించవచ్చో ఒక్క వాక్యం వేయలేదు. సింగిల్ కాలమ్‌లో పది మాటలకు జాగా లేక కాదు. నాకు తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. తిట్టడానికి ఏ సమాచారమూ అక్కర్లేదు కదా.

ఇవాళ సిగ్గుతో రాస్తున్నాను. ఆ సిగ్గును మించిన కోపంతో రాస్తున్నాను. ఎందుకంటే ఆలస్యంగానైనా తెలుసుకున్నాక ఒక సంగతి బయటపడింది. దారి ఉంది. చట్టంలో రాసి ఉంది. పదేళ్లుగా ఉంది. ఆ దారి ఉందని ఆ తల్లికి చెప్పడమే పనిగా జీతాలు తీసుకునేవాళ్లు ఉన్నారు. చెప్పినవాళ్లు లేరు.

2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం తీసి చూడండి. అందులో 35వ సెక్షన్ ఉంది. తన చేతిలో లేని శారీరక, మానసిక, సామాజిక కారణాల వల్ల బిడ్డను పెంచలేని తల్లి గానీ తండ్రి గానీ జిల్లా బాలల సంక్షేమ సమితి ముందుకు వచ్చి బిడ్డను అప్పగించవచ్చు. మన ఆఫీసుల్లో సీడబ్ల్యూసీ అంటారే, అదే ఆ సమితి. ఒక చైర్మన్, నలుగురు సభ్యులు. అందులో కనీసం ఒకరు మహిళ ఉండి తీరాలి. ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్‌కు ఉన్నంత అధికారం వాళ్లకు ఉంది. ఆ తల్లితో మాట్లాడాలి, కారణం విచారించాలి, ధైర్యం చెప్పాలి, వేరే సాయంతో బిడ్డను తన దగ్గరే ఉంచుకోగలదేమో చూడాలి. కుదరదని తేలితే అప్పగింత పత్రం రాయించుకోవాలి. ఆ తర్వాత కూడా రెండు నెలలు ఆగాలి. ఈ రెండు నెలల్లో ఆమె మనసు మారితే బిడ్డ ఆమెదే.

పెళ్లి కాని తల్లి వస్తే సమితి అంతటి ముందూ నిలబడనక్కర్లేదు. ఒక్క సభ్యుడి ముందు, వీలైతే ఆడమనిషి ముందే పత్రం రాసివ్వవచ్చని దత్తత నిబంధనలు చెబుతున్నాయి. ఆమె వివరాలు గుట్టుగా ఉంచాలనీ చెబుతున్నాయి.

ఇక కేసుల మాట. అదే చట్టంలో 75వ సెక్షన్ పిల్లల మీద క్రూరత్వానికి శిక్షలు చెబుతుంది. చెబుతూనే ఒక మినహాయింపు పెట్టింది. కన్నవాళ్లు తమ చేతిలో లేని పరిస్థితుల వల్ల బిడ్డను వదిలారని తేలితే, కావాలని వదిలినట్టు భావించకూడదు, శిక్ష వర్తించదు. 38వ సెక్షన్ ఇంకా సూటిగా ఉంది. వదిలేసిన బిడ్డ గురించి గానీ, అప్పగించిన బిడ్డ గురించి గానీ ఈ చట్టం కింద విచారణ జరిగేటప్పుడు కన్నవాళ్ల మీద ఎఫ్ఐఆర్ పెట్టరాదు. వేరే చట్టాలు ఏం చెప్పినా సరే.

మళ్లీ చదవండి. వేరే చట్టాలు ఏం చెప్పినా సరే. మరి నేను ఏళ్ల తరబడి అచ్చు వేసిన ‘గుర్తు తెలియని మహిళపై కేసు నమోదు’ అన్న వాక్యం సంగతేంటి? పాత ఐపీసీలో 317, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 93. పన్నెండేళ్లలోపు బిడ్డను వదిలేస్తే ఏడేళ్ల దాకా జైలు. స్టేషన్‌లో రైటర్‌కు ఆ నంబరు నోటికి వచ్చు. 38వ సెక్షన్ ఎంతమందికి వచ్చు? పేపరులో ఆ నంబరు చదివిన ప్రతి ఊళ్లోనూ, కడుపు దాచుకుని తిరుగుతున్న ఏదో ఒక పిల్లకు ఒక్కటే అర్థమవుతుంది. దొరికితే జైలు. కాబట్టి దొరకకూడదు. కాబట్టి చీకట్లోనే, ఎవరూ లేని చోటే. మన కేసులూ మన హెడ్డింగులూ కలిసి ఆమెను ముళ్లపొద దాకా నడిపించాయి.

జఫర్‌గఢ్ సంగతే తీసుకోండి. వేల్పుగొండ అన్న పాత పేరున్న ఊరు, జఫరుద్దౌలా పేరు మీద జఫర్‌గఢ్ అయింది. గుట్ట మీద లక్ష్మీనరసింహస్వామి, కోట గోడలు, చుట్టూ కూనూరు, తిడుగు, ఉప్పుగల్లు, సాగరం, ఓబులాపూర్, తమ్మడపల్లి, తండాలు, పత్తి చేలు. 2016 అక్టోబరు 11న వరంగల్ జిల్లాను ముక్కలు చేసినప్పుడు ఈ మండలం జనగామ జిల్లాలోకి పోయింది. పాలన గడప దగ్గరికి వస్తుందన్నారు. మహబూబాబాద్, భూపాలపల్లి కూడా ఆ రోజే జిల్లాలయ్యాయి. కలెక్టర్లు వచ్చారు, బోర్డులు వచ్చాయి, జిల్లాకో సంక్షేమాధికారి, జిల్లాకో బాలల పరిరక్షణ విభాగం, జిల్లాకో సమితి.

ఇప్పుడు ఇక్కడి ఒక పిల్ల సంగతి అనుకుందాం. పత్తి ఏరే పిల్లో, హన్మకొండలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదివే పిల్లో. ఎనిమిదో నెల. చున్నీ కప్పుకుని తిరుగుతోంది. మాటిచ్చినవాడు ఫోన్ ఎత్తడం లేదు. ఆమె ఎవరిని అడగాలి?

ఆశమ్మను అడగాలా? ఊళ్లో ఆశమ్మ అంటే పరాయి మనిషి కాదు. చిన్నమ్మో, వదినో, పక్కింటి అక్కో అవుతుంది. పొద్దున చెప్పిన మాట సాయంత్రానికి బోరింగు దగ్గరికి చేరుతుందన్న భయం. దవాఖానకు పోవాలా? తల్లీబిడ్డల కార్డు మీద భర్త పేరుకు ఒక గడి ఉంది. ఆధార్ ఏదంటారు. భర్త పేరేందంటారు. వెంట ఎవరొచ్చిన్రంటారు. తండ్రి పేరు చెప్పమని పెళ్లి కాని తల్లిని బలవంతపెట్టరాదని 2015 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. బిడ్డ జనన ధ్రువపత్రం కూడా తల్లి అఫిడవిట్ మీద ఇవ్వాలని చెప్పింది. ఆ తీర్పు ఓపీ చీటీ రాసే కిటికీ దాకా వచ్చిందా? అవివాహిత అయినా 24 వారాల దాకా గర్భస్రావం చేయించుకునే హక్కు ఉందని 2022 సెప్టెంబరు 29న అదే కోర్టు చెప్పింది. అదైనా ఆమెకు సమయానికి తెలిసిందా? తెలిసి ఉంటే ఎనిమిదో నెల వచ్చేదా?

పోనీ, కాన్పు అయింది అనుకుందాం. పశువుల కొట్టంలోనో, బాత్రూంలోనో, నోట్లో గుడ్డ కుక్కుకుని. చేతిలో పసిగుడ్డు. రక్తం ఆగడం లేదు. సమితి జనగామలో. స్టేషన్ ఘన్‌పూర్ మీదుగా బస్సులు మారి పోవాలి. బస్సులో పక్క సీట్లో మేనమామ వరసవాడు ఉండడన్న గ్యారంటీ లేదు. కలెక్టరేట్‌లో దిగి ఏ గది అని అడగాలి? ఎవరిని అడగాలి? సమితి నెలకు కనీసం ఇరవై రోజులు కూర్చోవాలని చట్టం. పిల్లలు ఆఫీసు టైం చూసుకుని పుట్టరు.

చట్టంలోని తలుపు దగ్గరికి ఆమె ఎలా చేరాలో ఒక్కరూ ఆలోచించలేదు. దవాఖాన దాకా వచ్చే 102 వాహనం ఉంది, కాన్పుకు కిట్ ఇచ్చిన సర్కారు ఉంది, 2017లో ఆ పథకం మొదలైనప్పుడు ఆడపిల్ల పుడితే 13,000, మగపిల్లాడు పుడితే 12,000 ఇచ్చిన సర్కారు ఉంది. భర్త పేరు ఉన్న తల్లికి ఇంత ఆలోచించినవాళ్లు, ఆ గడి ఖాళీగా ఉన్న తల్లికి ఏమీ ఆలోచించలేదు. ఆమె లెక్కలోనే లేదు.

ఆ మధ్య మా వైపు ఒక ఆశా కార్యకర్తను అడిగాను. యాభై దాటిన మనిషి, వందల కాన్పులకు వెంట నడిచిన మనిషి. “అక్కా, సాకలేని తల్లి బిడ్డను సర్కారుకు అప్పజెప్పొచ్చని మీకు ట్రైనింగుల చెప్పిన్రా?” అన్నాను. ఆమె నన్ను వింతగా చూసింది. “టీకాలు చెప్తరు, బీపీ షుగర్ రాసుకరమ్మంటరు, కాన్పు దవాఖానలనే చేయించాలంటరు. గిది చెప్పలే తమ్మీ” అంది. కాసేపాగి, గొంతు తగ్గించి, “చెప్పినా మేం నోరు తెరుస్తమా? పిల్లలను అమ్ముకుంటున్నరని మమ్మల్నే అంటరు” అంది.

ఆ భయం ఊరికే పుట్టలేదు. దాని వెనుక దేవరకొండ ఉంది.

1999లో, మళ్లీ 2001లో, నల్లగొండ జిల్లా దేవరకొండ, చందంపేట వైపు లంబాడా తండాల నుంచి ఆడపిల్లల్ని కొద్దిపాటి డబ్బుకు సేకరించి, హైదరాబాద్, తాండూరు దత్తత సంస్థల ద్వారా విదేశాలకు పంపుతున్న వ్యవహారం బయటపడింది. తల్లి చేతికి వందల్లో, మహా అయితే వేలల్లో. అటువైపు చేతులు మారింది డాలర్లలో. దేశమంతా నివ్వెరపోయింది. పత్రికలు తండాల మీద పడ్డాయి. లంబాడాలకు ఆడపిల్ల అంటే పడదని, అది వాళ్ల ఆచారమని తీర్పులు చెప్పేశాయి. అదే లంబాడాల్లో ఓలి ఇచ్చి పిల్లను చేసుకునే రివాజు ఉండేదని, ఆ ఓలి పోయి మైదానపు కట్నం తండాకు ఎక్కినాకే ఆడపిల్ల బరువైందని రాసినవాళ్లు తక్కువ. రుక్మిణీరావు, ఆమె పెట్టిన గ్రామ్య సంస్థ మాత్రం ఆ తండాల్లోనే ఏళ్ల తరబడి కూర్చుని పనిచేశారు. ఆడపిల్లను తల్లి దగ్గరే నిలపడానికి చదువు, పొదుపు, తోడు అన్నీ కూడగట్టారు. పిల్లల్ని నిజంగా కాపాడింది ఆ ఓపిక.

సర్కారు ఏం చేసింది? 2001 ఏప్రిల్‌లో, పేదరికం, ఎక్కువమంది పిల్లలు, ఆడపిల్ల అన్న కారణాలతో కన్నవాళ్లు ఇచ్చే బిడ్డల్ని సంస్థలు తీసుకోరాదని ఉత్తర్వు ఇచ్చింది. దళారుల్ని ఆపాలి, నిజమే. ఆపడం తప్పని నేననను. కానీ దళారి గడప మూసినప్పుడు దాని పక్కనే సర్కారు గడప తెరిచి, ఇటు రా అమ్మా అని చెప్పాలి కదా? చెప్పలేదు. తలుపు మూయడం వరకే చేసి చేతులు దులుపుకున్నారు. బిడ్డను అప్పగించడం అంటే అమ్మడమే అన్న మాట జనం మనసుల్లో గడ్డకట్టింది. తర్వాత 2015 చట్టం వచ్చి తలుపు తెరిచినా, ఆ మాట కరగలేదు. కరిగించే పని ఎవరూ పెట్టుకోలేదు. ఇరవై ఏళ్లు దాటాక ఒక ఆశమ్మ ఇంకా గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

దళారి మాత్రం గొంతు తగ్గించలేదు. 2024 మేలో హైదరాబాద్ శివారులో రాచకొండ పోలీసులు పదిమందికి పైగా పసిపిల్లల్ని కాపాడారు. ఢిల్లీ నుంచి, పుణె నుంచి తెచ్చి లక్షలకు అమ్మిన పిల్లలు. 2025 జూలైలో సికింద్రాబాద్‌లో ఒక సంతాన సాఫల్య కేంద్రం బండారం బయటపడింది. సరోగసీ బిడ్డ అని చెప్పి పేద తల్లుల బిడ్డల్ని కొనిచ్చారన్నది పోలీసుల అభియోగం. దళారికి ఆమె ఎక్కడుందో తెలుసు. ఎన్నో నెలో తెలుసు. ఇంటికి వెళ్లి మరీ కలుస్తాడు, బండి పెడతాడు, ఆస్పత్రి ఖర్చు పెట్టుకుంటాడు, పేరు బయటికి రాదని మాటిస్తాడు. సర్కారు చేయాల్సిన ప్రతి పనీ వాడు చేస్తున్నాడు, బిడ్డకు ధర కట్టి. ఇంతకన్నా తలవంపు ఏముంటుంది?

బిడ్డను కోరుకునేవాళ్లు లేరా అంటే, కేంద్ర దత్తత సంస్థ జాబితాలో 30 వేలకు పైగా దంపతులు పేర్లు రాయించుకుని మూడేళ్లు, ఆపైన ఎదురుచూస్తున్నారు. 2024-25లో దేశం మొత్తం మీద జరిగిన దత్తతలు 4,515. అదే ఇటీవలి ఏళ్లలో ఎక్కువట. ఒకపక్క ఒడి చాచి నిలబడ్డ ముప్పై వేల ఇళ్లు, ఇంకోపక్క కుక్కల నోటికి దొరికిన పసిగుడ్డు. ఈ రెండింటి మధ్య దూరం ఒక ఫోన్ నంబరు. 1098. 1996లో ముంబైలో పుట్టిన ఆ నంబరు ఇప్పుడు 112తో కలిసి సర్కారు చేతిలోనే నడుస్తోంది. రాత్రీపగలూ పనిచేస్తుంది. బడి గోడల మీద అక్కడక్కడా కనిపిస్తుంది, బాల్యవివాహాలు ఆపండి అన్న మాటతో. సాకలేని బిడ్డ గురించి కూడా దీనికే చేయొచ్చు అన్న ముక్క కలిపి నేనెక్కడా చూడలేదు.

ఊయల సంగతి చెప్పాలి. 1992లో తమిళనాడు సేలంలో ఊయల పథకం పెట్టింది. ఆడశిశువుల్ని పుట్టగానే చంపుతున్న జిల్లా అది. చంపొద్దు, ఈ ఊయలలో వేసి పో, నిన్నెవరూ ఏమీ అడగరు అన్నారు. కేరళలో 2002లో తిరువనంతపురంలో ‘అమ్మత్తొట్టిల్’ వచ్చింది. అంటే అమ్మ ఊయల. బిడ్డను అందులో పడుకోబెట్టి తల్లి వెళ్లిపోతే లోపల గంట మోగుతుంది, ఆయమ్మ వచ్చి ఎత్తుకుంటుంది. పొరుగుదేశం పాకిస్తాన్‌లో అబ్దుల్ సత్తార్ ఈధీ తన కేంద్రాల బయట ఊయలలు వేలాడదీశాడు. చట్టం కోసం ఆగలేదు ఆయన.

మనకు కాగితం మీద కొదవ లేదు. 2009లో కేంద్రం సమగ్ర బాలల సంరక్షణ పథకం తెచ్చినప్పుడు, దత్తత సంస్థలు తమ దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, ఆస్పత్రుల్లో, నర్సింగ్ హోముల్లో ఊయల కేంద్రాలు పెట్టాలని రాసుకుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అంటే మన మండల దవాఖానే. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో మండలం మండలం తిరిగి చూడండి. దవాఖాన వరండాలో ఊయల కోసం వెతకండి. పోనీ అడగండి, ఊయల ఎక్కడ పెట్టారని. ఏ ఊయల అంటారు.

జఫర్‌గఢ్ మండలంలోనే ‘మా ఇల్లు’ అనే అనాథాశ్రమం ఉంది. చుట్టుపక్కల ఊళ్లకు అది తెలుసు. అనాథకు నీడ అంటే ఇక్కడి జనానికి కొత్త మాట కాదు. అయితే పసిగుడ్డును ఏ ఆశ్రమానికి తెచ్చిచ్చినా, ఎవరికి దొరికినా, 24 గంటల్లో సమితికో, పోలీసులకో, 1098కో తెలపాల్సిందే. తెలపకుండా దాచుకుంటే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇదీ చాలామందికి తెలియదు. దొరికిన బిడ్డను దేవుడిచ్చాడని ఇంట్లో పెట్టుకుని, ఏడాదికి పోలీసులు వచ్చి తీసుకుపోతుంటే గుండెలు బాదుకున్న పిల్లల్లేని తల్లుల ఏడుపులు కూడా నేను విన్నాను. వాళ్లకూ ఎవరూ చెప్పలేదు.

ఊయల పెడితే ఆడపిల్లల్ని వదిలేయడం అలవాటవుతుంది అంటారు. ఈ మాటను నేను తేలిగ్గా తీసుకోను. సేలం మీద వచ్చిన విమర్శ అదే. ఊయలలోకి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలే. ఆడపిల్లను వద్దనుకోవడానికి సర్కారే రాచబాట వేసిందని మహిళా సంఘాలు నిలదీశాయి. న్యాయమైన ప్రశ్న. కానీ ఊయల లేని మన జిల్లాలో ఆడపిల్ల బతికిపోయిందా? 2001 జనాభా లెక్కలకూ 2011 లెక్కలకూ మధ్య వరంగల్ జిల్లాలో ఆరేళ్లలోపు ఆడపిల్లల నిష్పత్తి బాగా పడిపోయింది. 2023 మేలో వరంగల్ పోలీసులు 18 మందిని పట్టుకున్నారు. చేత్తో మోసుకుపోయే స్కానింగు మిషన్లతో కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పి, ఆడైతే తీయించేసిన ముఠా. ఊయల ఆ ఆడపిల్లల్ని చంపలేదు. కడుపులో ఉండగా మిషన్ చంపింది. తప్పించుకుని పుట్టినదాన్ని ముళ్లపొద చంపుతోంది. ఊయల పెట్టినంత మాత్రాన కట్నం పోదు, ఆడపిల్ల మీద చిన్నచూపు పోదు. ఆ పోరాటం ఆ పోరాటమే. అది గెలిచేదాకా ఈ రాత్రి పుట్టిన బిడ్డను ముళ్ల మీద పడుకోబెట్టి ఆగమంటామా?

ఇంకో అభ్యంతరం ఇంతకన్నా గట్టిది. ఎవరికీ తెలియకుండా ఊయలలో వేసిన బిడ్డ పెద్దయ్యాక, నన్ను కన్నదెవరు అని అడిగితే? జర్మనీలో ఈ ప్రశ్న మీద ఏళ్ల తరబడి వాదులాడుకున్నారు. 2000లో హాంబుర్గ్‌లో గోడకు పిల్లల పెట్టె అమర్చారు. ఆ తర్వాత 2014 మే 1 నుంచి గుట్టుగా కాన్పు చేయించుకునే చట్టం తెచ్చారు. తల్లి వేరే పేరుతో ఆస్పత్రిలో కంటుంది. వైద్యం అందుతుంది, ఖర్చు సర్కారుదే. అసలు పేరు సీలు వేసిన కవరులో భద్రంగా ఉంటుంది. బిడ్డకు 16 ఏళ్లు వచ్చాక అడగవచ్చు. తల్లి ప్రాణం, బిడ్డ ప్రాణం, బిడ్డ హక్కు మూడింటినీ పట్టించుకుంటే ఇలాంటి ఆలోచన వస్తుంది. మనకు అంత దూరం పోనక్కర్లేదు. సమితి ముందు అప్పగింతలో ఇంచుమించు ఇవన్నీ ఉన్నాయి, పత్రం ఉంటుంది, గుట్టు ఉంటుంది. లేనిది కాన్పుకు ముందు తోడు. ఊయల అన్నది చివరి మెట్టు మాత్రమే. దానికి ముందు ఎనిమిది నెలలు ఉన్నాయి, ఆ ఎనిమిది నెలల్లో ఆమెతో మాట్లాడే మనిషి ఒక్కరు దొరికితే, చాలామంది తల్లులు బిడ్డను వదలనే వదలరు.

ఆమె పద్దెనిమిది నిండని పిల్ల అయితే? అప్పుడు పోక్సో చట్టం వస్తుంది, పోలీసులకు చెప్పాల్సిందే. కానీ ఆ కేసు వాడి మీద. ఆ పిల్ల బాధితురాలు. పేరు బయటపెడితే బయటపెట్టినవాళ్లదే నేరం. ఈ తేడా కూడా ఊళ్లో ఎవరూ విడమరిచి చెప్పరు. పెద్దమనుషుల పంచాయితీ అయిపోతుంది, ఎంతకో ఒప్పందం కుదురుతుంది, కడుపులో బిడ్డ మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

వాడు అన్నాను కదా. నేను పెట్టిన హెడ్డింగుల్లో ‘వాడు’ ఒక్కసారీ లేడు. కసాయి తల్లి ఉంది. కసాయి తండ్రి లేడు. బిడ్డ ఒక్క తల్లికే పుట్టినట్టు రాశాను. గుర్తు తెలియని మహిళ కోసం గాలింపు అని రాశాను. గుర్తు తెలియని మగాడి కోసం ఎవరు గాలించారు? కుంతి కర్ణుణ్ని పెట్టెలో పెట్టి నీళ్లలో వదిలింది. తరతరాలుగా ఆ కథ చెప్పుకుంటున్నాం, కుంతిని ఓదారుస్తున్నాం, నిలదీస్తున్నాం. సూర్యుణ్ని అడిగినవాళ్లెవరు? పొద్దున లేచి ఆయనకే దండం పెడుతున్నాం. కుంతికి దగ్గర్లో నది ఉంది, పెట్టె ఉంది, ఆ పెట్టె తేలి ఒక తల్లి చేతికి చేరింది. మన పిల్లకు పెట్టె కూడా లేదు. నాగలిచాలులో దొరికిన బిడ్డను జనకుడు ఎత్తుకుని కూతురన్నాడు. ఆమెను పూజించని ఊరు లేదు, జఫర్‌గఢ్ నుంచి భద్రాచలం దాకా. ఏ తల్లి ఆ చాలులో పెట్టిందని జనకుడు గాలింపు పెట్టలేదు.

ఎవరి మీద నా కోపం? అందరి మీదా. మండల మీటింగుల్లో పౌష్టికాహార వారోత్సవాలకు ఫొటోలు దిగి, ఈ ఒక్క మాట ఎజెండాలోకి రానీయని అధికారుల మీద. పోస్టర్లు అచ్చు వేయించి బీరువాల్లో పెట్టుకునేవాళ్ల మీద. దవాఖాన కాన్పు గదిలో, భర్త పేరు చెప్పలేని పిల్లను నలుగురి ముందు నిలబెట్టి, “అప్పుడు తెలివి లేకుండెనా?” అని అడిగే నోళ్ల మీద. ఆ మాట నా చెవులతో నేనే విన్నాను. ఆ పిల్ల తల ఎత్తలేదు. ఆ రోజు నేను కూడా నోరు తెరవలేదు. ఎమ్మెల్యేలూ ఎంపీలూ ఈ నేల గురించి గంటలు మాట్లాడతారు. పసిగుడ్డుకు ఓటు లేదు, ఆ తల్లికి పేరు లేదు, కాబట్టి వాళ్లకు అది పట్టదు. ఇక మనం, ఊరి జనం. బిడ్డ దొరికిందంటే ఉరుకుతాం, సెల్‌ఫోన్‌లో వీడియో తీస్తాం, బిడ్డ మొహం వాట్సాప్‌లో తిప్పుతాం. ఆ బిడ్డ గుర్తింపు బయటపెట్టడం 74వ సెక్షన్ కింద నేరమని తెలియదు. తెలుసుకోం. ఊరు ఊరంతా ఆరోజు కడుపుల లెక్క తీస్తుంది, ఎవరి నడక మారింది, ఎవరు రెండు రోజులుగా కనబడటం లేదు అని. అది వెతుకులాటా, వేటా?

ఆ పిల్ల ఎక్కడో తలుపేసుకుని పడుకుని ఉంటుంది. జ్వరంతో. పాలు కట్టి రొమ్ములు సలుపుతుంటే గుడ్డ బిగించుకుని. కాన్పు తర్వాత మందులు లేవు, పథ్యం లేదు, పక్కన అమ్మ లేదు. ఆమె ప్రాణం గురించి ఒక్క వాక్యం ఏ పేపరూ రాయదు. నేనూ రాయలేదు.

డెస్కుల్లో కూర్చున్న నా పాత మిత్రులారా, ఈసారి అలాంటి వార్త వచ్చినప్పుడు ‘కసాయి తల్లి’ అన్న ఆ రెండు మాటలూ పెట్టకండి. కింద రెండు లైన్లలో 1098 నంబరు వేయండి. సర్పంచులు, పంచాయతీ కార్యదర్శులు, అంగన్‌వాడీ టీచర్లు, ఏఎన్ఎంలు, మీ పై అధికారి ఉత్తర్వు కోసం ఆగకండి. చట్టంలో ఉన్న మాట గోడ మీద రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎస్సైలు, మీ స్టేషన్‌లో రైటర్ చేత 38వ సెక్షన్ ఒక్కసారి చదివించండి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి కలెక్టర్లు, ప్రతి మండల దవాఖానలో, కెమెరాకు ఎదురు పడని మూలన ఒక ఊయల, ఒక గంట, పిలిస్తే లేచే ఒక మనిషిని పెట్టించండి. 2009 నుంచి బాకీ ఉన్నారు మీరు.

గోడ మీద ఏం రాయాలో కూడా నేనే రాసిస్తున్నాను. సున్నం మీద గేరు రంగుతో, చదువు తక్కువైనవాళ్లు కూడా చదవగలిగేంత పెద్ద అక్షరాలతో:

బిడ్డను సాకలేని కష్టంలో ఉన్నావా అమ్మా? ఎక్కడా వదిలేయకు. రాత్రయినా పగలైనా 1098కి ఫోన్ చెయ్. బిడ్డను సమితికి అప్పగిస్తే నీ మీద కేసు పెట్టరు. నీ పేరు ఊళ్లో ఎవరికీ చెప్పరు. రెండు నెలల్లోపు మనసు మారితే నీ బిడ్డ నీదే.

ఆరు వాక్యాలు. ఏ దవాఖాన గోడకైనా పడతాయి. రాయండి.